వెల్డా ఆఖరి పీపా

పీపాల్లోని విస్కీ రుచి చూసే రోజున షాలిస్ వాళ్ళ ఇంట్లో పొయ్యి వెలగదు. కాఫీ కాయరు, పంది మాంసం వేయించరు, సబ్బు ముట్టుకోరు. పుల్లదోసకాయల సీసా మూత తీయడం ఆ పూటకు పెద్ద నేరం. నిన్నటి రై రొట్టె ముక్క, కొండ ఊట నీళ్ళు, అంతకు మించి నోట్లోకి ఏదీ పోకూడదు. ఈ కట్టుబాట్లన్నీ ఇంటావిడ వెల్డా పెట్టినవి. ఆవిడ పోయి ఆరేళ్ళయినా ఒక్కటీ సడలలేదు. బతికున్నప్పుడు ఎదురు చెప్పినవాళ్ళు కూడా ఆవిడ పోయాక చెప్పలేకపోయారు.

అది మార్చి నెల. పెన్సిల్వేనియా కొండల్లో మంచు కరిగి దారులన్నీ బురదయ్యే రోజులు. మేపుల్ చెట్లకు తగిలించిన బకెట్లలో చెట్టు నీరు చుక్కచుక్కగా పడుతోంది. కంచె అవతలి పొలం మెర్ల్ బార్క్‌మన్‌ది. అతను బూట్ల బురద గడప మీద గీకుతూ షాలిస్ వాళ్ళ కొట్టంలోకి వస్తూనే గొణుగుడు అందుకున్నాడు.

"కాఫీ పొయ్యకుండా మనిషిని మంచం మీంచి లేపడం పాపంరా ఆర్విల్. నా కళ్ళు తెరుచుకున్నాయా, చూసి చెప్పు."

"తెరుచుకునే ఉన్నాయి. లోపలే ఎవరూ లేరు," అన్నాడు వెల్డా భర్త ఆర్విల్.

మెర్ల్ నవ్వాడు గానీ, నవ్వు సగంలోనే ఆపేసి గొంతు తగ్గించాడు. "ఇవాళ వెల్డా పీపా కూడా తీస్తున్నారటగా?"

"తీస్తున్నాం."

"ఏ జగ్గులో పోస్తారో నీకు తెలుసా?"

"తెలీదు. తెలియకూడదు కూడా."

ఆ ఇంటి పద్ధతి ఒకటుంది. విస్కీ కాచే బట్టీ దగ్గర కూర్చుని ధార మార్చింది ఎవరో, సీసా మీద వాళ్ళ పేరే పడుతుంది. ధార మార్చడమే ఆ పనిలో ప్రాణం. రాగి బట్టీలోంచి వచ్చే మొదటి ధార ఘాటు, అది పనికిరాదు. నడిమి ధార అసలు సరుకు. చివరి ధార వచ్చేసరికి వాసన తిరుగుతుంది, తడిసిన గోనెసంచి కంపు మొదలవుతుంది. ఆ తిరిగే క్షణం పట్టుకుని గొట్టాన్ని వేరే పాత్రలోకి తిప్పాలి. అరచేతిలో నాలుగు చుక్కలు పోసి, రెండు చేతులూ రుద్ది, ముక్కు దగ్గర పెట్టుకోవడం తప్ప దానికి వేరే కొలత లేదు. యంత్రాలున్నాయంటారు. ఉంటే ఉండనీ. వెల్డా వాటిని కొట్టం గడప తొక్కనివ్వలేదు.

వెల్డా పేరుతో వచ్చిన సీసాలన్నీ ఏనాడో అయిపోయాయి. మిగిలింది కొట్టం చివరి మూల ఒకే ఒక్క పీపా, పోయే ముందు ఆవిడ నింపిన ఆఖరిది. ఇవాళ రుచిలో అది నెగ్గితే ఆవిడ పేరు మరోసారి సీసాల మీదికి ఎక్కుతుంది. ఓడితే సరుకంతా మళ్ళీ బట్టీలోకి పోతుంది, ఆ పేరు అక్కడితో సరి. కూతురు మార్లా ఆ సీసాల కోసం కాగితపు చీటీలు ముందే అచ్చు వేయించి పెట్టుకుంది. ఆత్రం ఆపుకోలేని పిల్ల, ఆ విషయంలో పూర్తిగా తల్లి పోలికే.

ఆర్విల్ షాలిస్ పుట్టింది ఈ కొట్టానికి ఎదురుగా ఉన్న ఇంట్లోనే. పుట్టిన దగ్గర్నుంచీ అతనికి తెలిసినవి రెండే, ఆవులూ రై పంటా. రై అంటే గోధుమకు చుట్టమే, కాకపోతే మొండిది. రాళ్ళ నేలలో, మంచు కింద, ఎవరూ పట్టించుకోకపోయినా మొలుస్తుంది. ఆర్విల్ కూడా కొంచెం అలాంటివాడే. మాట తక్కువ, ముక్కు ఎక్కువ. ఆవు మూతి దగ్గర వంగి ఊపిరి వాసన చూసి, ఇది రేపటికి మేత మానేస్తుందని చెప్పేవాడు. చెప్పినట్టే అయ్యేది. చుట్టుపక్కల పాడి రైతులు జబ్బు ఆవుల దగ్గరికి అతన్ని పిలుచుకుపోయేవారు. అతను వెళ్ళి, వాసన చూసి, రెండు ముక్కలు చెప్పి, టోపీ పెట్టుకుని వచ్చేసేవాడు.

పాలు నమ్ముకుని బతకలేని రోజులొచ్చాయి. ఆవుల్ని లారీ ఎక్కించిన రోజున ఆర్విల్ ఖాళీ కొట్టంలో కూర్చుండిపోయి భోజనానికి కూడా రాలేదు. వెల్డా పళ్ళెం తెచ్చి పక్కన పెట్టి, చీపురు అందుకుని ఊడవడం మొదలుపెట్టింది.

"ఆవులు పోతే పోయాయి. కొట్టం ఉంది. రై ఉంది. నీ ముక్కూ నా ముక్కూ ఉన్నాయి. మా తాత ఈ కొండల్లో విస్కీ కాచినవాడే. కాళ్ళు తియ్యవయ్యా, అక్కడ చెత్తుంది."

అలా మొదలైంది. మొదటి పీపాకి ధార మార్చింది ఆర్విల్. రెండేళ్ళు పోయాక రుచి చూసే రోజున, బంధువులందరి ముందూ, వెల్డా ఒక గుటక వేసి తన గ్లాసు బోర్లించింది. గ్లాసు బోర్లిస్తే ఆ పీపా ఓడినట్టు. రుచి చూసే ముగ్గురిలో ఒక్కరు బోర్లించినా చాలు.

"అదేంటే, నేను చేసింది!" అన్నాడు ఆర్విల్, నోరు తెరిచేసి.

"నా మొగుడివని నీ సారా తియ్యగా అయిపోతుందా?" అంది వెల్డా.

ఆర్విల్ ఆ వారమంతా మొహం ముడుచుకుని తిరిగాడు. తర్వాత తనే ఒంటరిగా ఆ సరుకు రుచి చూసుకున్నాడు. ఆమె చెప్పిందే నిజం. ఆ తర్వాత వాళ్ళిద్దరూ ఎన్ని పీపాలు నింపారో, ఎన్ని ఓడించారో! ఆ కొట్టంలో మొగుడూ పెళ్ళాలు తిట్టుకున్నంతగా ఇంకెక్కడా తిట్టుకుని ఉండరు, అంతగా నవ్వుకుని కూడా ఉండరు.

ఇవాళ మార్లా మూడు పీపాల్లోంచి రాగి గొట్టంతో సరుకు తీసి, ఒకేలాంటి మూడు జగ్గుల్లో పోసింది. ఏది ఏ పీపాదో రాసిన కాగితం ముక్కలు జగ్గుల అడుగున అంటించింది. తర్వాత ఆమె గోడ వైపు తిరిగి నిలబడితే, మెర్ల్ వచ్చి జగ్గుల్ని అటూ ఇటూ మార్చేశాడు. ఒకటి వెల్డాది, రెండు మార్లావి. ఏది ఏదో ఇప్పుడు ఎవరికీ తెలీదు. రంగు చూసి పోల్చుకోకుండా వెల్డా ఏనాడో ముదురు నీలం గ్లాసులు కొనిపెట్టింది.

మొదటి జగ్గు పోశారు. ఆర్విల్ గ్లాసు మీద చెయ్యి మూసి కాసేపు ఉంచి, తీసి, ముక్కు పెట్టాడు. మిరియం ముందుకొచ్చింది. వెనకాలే మాడిన రొట్టె అంచు, కొంచెం పుదీనా. నోట్లో పోసుకుని నాలుక మీద తిప్పాడు. చెంచాడు ఊట నీళ్ళు కలిపి మళ్ళీ చూశాడు. నీళ్ళు పడ్డాక తీపి బయటికొచ్చింది, ఘాటు పక్కకి తప్పుకుంది. పట్నం కొట్లలో ఈ సంగతే చెప్పడానికి తేనె పట్టు వాసన, పాత తోలు పుస్తకాల వాసన అంటూ పెద్ద జాబితా చదువుతారు. ఇక్కడ గ్లాసు బోర్లించకపోతే చాలు, నెగ్గినట్టే. మూడు గ్లాసులు నిటారుగా బల్ల మీద కూర్చున్నాయి.

రెండో జగ్గుకి మార్లా మొహం చిట్లించింది. "ఇదెవరి చేతి పనో గానీ చెక్క తప్ప ఇంకేం లేదు. పీపా నాకినట్టుంది," అని గ్లాసు బోర్లించింది.

"నీదే అయ్యుంటుంది," అన్నాడు మెర్ల్.

"అయితే అవనీ బాబాయ్. నాదైతే మాత్రం మింగాలా?"

ఆర్విల్ కూతురి వైపు చూశాడు. మాట మాటా వెల్డాదే. రొట్టె ముక్క నమిలి నీళ్ళు తాగాడు.

మూడో జగ్గు పోశారు.

ముక్కు పెట్టగానే బాగుంది. లవంగం, మేపుల్ పాకం, ఎండిన ఆపిల్ ముక్కలు. ఆరేళ్ళలో పీపా తన పని తను చేసింది. ఆర్విల్ గుండె కొంచెం తేలికపడింది. గుటక వేశాడు. గుటక దిగాక, అడుగున, అది వచ్చింది. తడిసిన గోనెసంచి. నాలుక వెనక జిడ్డులా కూర్చుంది. నీళ్ళు కలిపాడు, ఏమైనా సర్దుకుంటుందేమోనని. నీళ్ళకు దాచడం రాదు, ఉన్నదాన్ని బయట పెట్టడమే వచ్చు. కంపు ఇంకా స్పష్టమైంది.

ఇది వెల్డా పీపా. కాగితం చూడక్కర్లేదు. ఈ రుచి ఎలా వచ్చిందో ప్రపంచంలో తెలిసినవాడు అతనొక్కడే.

మెర్ల్ తన గ్లాసును నిటారుగానే బల్ల మీద పెట్టాడు. పెట్టి, తల దించుకుని తన బూట్లకేసి చూసుకుంటున్నాడు. మెర్ల్ ముక్కు అంత మొద్దుది కాదు. మార్లా కూడా గ్లాసు నిటారుగానే పెట్టింది. కళ్ళ నిండా నీళ్ళున్నాయి. తన పీపానే చీదరించుకుని బోర్లించిన పిల్ల, దీన్ని బోర్లించలేదు. అంటే అది ఎవరిదో, ఎలా ఉందో ఇద్దరికీ తెలిసిపోయింది. ఇద్దరూ అతని కోసం, వెల్డా కోసం, తెలియనట్టు కూర్చున్నారు. ఇక మిగిలింది ఆర్విల్ చేతిలోని గ్లాసు.

ఆరేళ్ళ కిందటి ఆ చివరి శరత్కాలంలో వెల్డా చిక్కి సగమైపోయింది. ఎన్ని ఆవుల జబ్బులో ఊపిరి చూసి చెప్పిన ఆర్విల్ ముక్కుకి, పక్కలో పడుకున్న భార్య జబ్బు మాత్రం ఏ వాసనా ఇవ్వలేదు. ఆసుపత్రివాళ్ళు చెప్పేదాకా తెలియలేదు. ఆ సంగతికి అతను తనను తాను ఈనాటికీ క్షమించుకోలేదు. మందులు మొదలయ్యాక ఆమెకు ఏం తిన్నా నోట్లో ఇనుప చెంచా పెట్టుకున్నట్టే ఉండేది. అయినా ఆ ఏడాది రై పులియగానే, ధార నేనే మారుస్తానని పట్టుబట్టింది. ఆర్విల్ ఆమెను మేడ మెట్ల మీంచి ఎత్తుకుని తెచ్చి, దుప్పటి కప్పి, బట్టీ పక్కన ముక్కాలి పీట మీద కూర్చోబెట్టాడు.

ఆ మధ్యాహ్నం ఆమె ఎంత బాగుందో! బట్టీ వేడికి బుగ్గలకు రంగొచ్చింది. పెళ్ళయిన కొత్తలో ఆర్విల్ దొడ్డి తలుపు వెయ్యడం మరిచిపోతే ఆవులన్నీ చర్చి ముంగిట్లోకి పోయిన సంగతి చెప్పి పగలబడి నవ్వింది. మధ్య మధ్యలో అరచేతుల్లో చుక్కలు రుద్దుకుని, కళ్ళు మూసుకుని, ఎప్పటిలాగే ముక్కు దగ్గర పెట్టుకునేది. ఆమెకు ఏ వాసనా తెలియడం లేదని ఆర్విల్‌కు అర్థమైంది. ఆమె నోరు విప్పి చెప్పలేదు. అతనూ అడగలేదు. చేతులు అతని మొహం దగ్గరికి చాపి, "ఇంకా బానే ఉంది కదయ్యా?" అంది.

అతను వాసన చూశాడు. తిరిగిపోయింది. అప్పుడే, ఆ చేతుల్లోనే తిరిగింది.

నిజం చెబితే ఆమె గొట్టం తిప్పుతుంది. తిప్పితే పని అయిపోతుంది. పని అయిపోతే మేడ మీదికి తీసుకుపోవాలి. మేడ మీదికి పోతే మళ్ళీ కిందికి రాదు. అది అతనికి ఎవరూ చెప్పకుండానే తెలుసు.

"బానే ఉంది," అన్నాడు ఆర్విల్.

కాసేపయ్యాక మళ్ళీ చేతులు చాపింది. మళ్ళీ బానే ఉందన్నాడు. గోనెసంచి కంపు కొట్టం నిండా పరుచుకుంటున్నా బానే ఉందన్నాడు. కొండ మీద ఎండ పోయింది. చివరికి వెల్డానే వంగి గొట్టం తిప్పేసింది.

"చాల్లే. నీ మాట నమ్మితే తెల్లారేదాకా ఇక్కడే కూర్చోవాలి నేను," అంది.

అతని అబద్ధం తెలిసే అన్నదో, అలసిపోయి అన్నదో ఆర్విల్‌కు తెలియదు. అడిగే ధైర్యం రాలేదు, తర్వాత అడగడానికి మనిషి లేదు. మొదటి మంచు పడకముందే వెల్డా పోయింది.

పీపా చెక్క చాలా తప్పుల్ని తనలోకి లాక్కుంటుంది. ఆ ఆశతోనే ఆరేళ్ళు అతను ఆ పీపా జోలికి పోలేదు. ఒక్క చుక్క తీసి చూడలేదు. మార్లా తీద్దామన్నప్పుడల్లా, ఇంకో ఏడాది ఆగుదాం, ఇంకో ఏడాది ఆగుదాం అన్నాడు. ఆపగలిగినన్నాళ్ళు ఆపాడు.

గ్లాసు ఇంకా చేతిలోనే ఉంది. నిటారుగా పెట్టేస్తే ఎంత సుఖం! ఎవరూ ఏమీ అనరు. మార్లా తల్లి పేరు సీసాల మీద అతికించుకుంటుంది, కిటికీలో వరసగా పెట్టుకుంటుంది. ఎక్కడో ఎవడో ఆ సీసా కొనుక్కుపోయి, ఒక గుటక వేసి, ఈ వెల్డా ఎవరో గానీ పని రాదు పాపం అనుకుంటాడు. అతను చెప్పిన అబద్ధం ఆమె పేరు పెట్టుకుని ఊళ్ళు తిరుగుతుంది. తన మొగుడి పీపాకే గ్లాసు బోర్లించిన మనిషి పేరు.

ఆర్విల్ మిగిలింది బకెట్లో ఒంపి, గ్లాసు బోర్లించాడు. చప్పుడు కాకుండా నెమ్మదిగానే పెట్టాడు. అయినా మార్లా ఉలిక్కిపడింది.

"నాన్నా, అది అమ్మది."

"తెలుసు తల్లీ."

"తెలిసి కూడానా?"

మెర్ల్ లేవబోయాడు. ఆర్విల్ అతని భుజం మీద చెయ్యేసి కూర్చోబెట్టాడు. "నువ్వూ ఉండరా. నువ్వూ వినాలి."

చెప్పాడు. అతనికి మాటలు పొందిగ్గా పేర్చడం రాదు. ఆ మధ్యాహ్నం సంగతంతా ముక్కలు ముక్కలుగా, జగ్గులకేసి చూస్తూ చెప్పాడు. మెర్ల్ టోపీ తీసి మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. మార్లా మొహం చూస్తుండగానే గట్టిపడిపోయింది.

"అంటే నువ్వు పాడుచేశావు. ఆవిడ ఆఖరిది."

"ఊఁ."

"ఆరేళ్ళ నుంచీ నేను రోజూ ఆ పీపా తుడుస్తున్నాను. పక్కనుండి చూస్తూ ఒక్క మాట చెప్పలేదు నువ్వు. చీటీలు అచ్చేయిస్తున్నానన్నా చెప్పలేదు."

"చెక్క లాగేస్తుందేమో అనుకున్నాను అమ్మా."

"లాగలేదుగా!" అని అరిచింది మార్లా. అరిచి, బోర్లించిన ఆ నీలం గ్లాసును రెండు చేతులతో పట్టుకుని ఏడ్చింది. "ఆవిడ పేరు మీద ఇంకేం మిగల్లేదు నాన్నా. ఏమీ లేదు."

ఆర్విల్ దగ్గరికెళ్ళి తల మీద చెయ్యి వేద్దామనుకున్నాడు, వెయ్యలేకపోయాడు. మెర్ల్ జగ్గుల్ని ఒక్కొక్కటే ఎత్తి అడుగున కాగితాలు చూశాడు. రెండోది మార్లాదే. మూడోది వెల్డాదే. ఎవరికీ ఆశ్చర్యం కలగలేదు.

ఆ వారమంతా తండ్రీ కూతుళ్ళు అవసరానికి తప్ప మాట్లాడుకోలేదు. మార్లా అచ్చు వేయించిన చీటీల కట్టను ఎక్కడ పెట్టిందో ఆర్విల్ అడగలేదు. ఓడిన సరుకును పీపాలో ఉంచకూడదన్నది కూడా వెల్డా కట్టుబాటే కాబట్టి, ఇద్దరూ కలిసి వెల్డా పీపా దొర్లించుకొచ్చి, బిరడా తీసి, ఉన్నదంతా రాగి బట్టీలో పోశారు. ఆరేళ్ళ రంగు, ఆరేళ్ళ లవంగం వాసన, అంతా పోయింది. కింద నిప్పు పెట్టాక మార్లా ముక్కాలి పీట లాక్కుని గొట్టం పక్కన కూర్చుంది. ఆర్విల్ వెనక నిలబడ్డాడు.

మొదటి ధార పోయింది. నడిమి ధార నీళ్ళలా తెల్లగా వచ్చింది. మార్లా చేతులు రుద్దుకుని వాసన చూసి, కళ్ళు మూసుకుని మళ్ళీ చూసింది. ఆ వాసనలో ఏ లోపమూ లేదు. ఆ శరత్కాలపు రై, వెల్డా దగ్గరుండి పులియబెట్టిన రై, అప్పుడే కోసినంత తాజాగా ఉంది. ఆ రోజు అతను నిజం చెప్పి ఉంటే పీపాలో ఇది ఉండేది.

"అమ్మ బాగా చేసింది నాన్నా," అంది మార్లా. వారంలో అవసరానికి మించి అన్న మొదటి మాట అది.

"బాగా చేసింది."

కొండ మీద ఎండ పల్చబడుతోంది. ధార సన్నబడింది. మార్లా మళ్ళీ చేతులు రుద్దింది. ఈసారి వాసన చూడగానే ఆమె భుజాలు బిగుసుకోవడం ఆర్విల్ చూశాడు. ఆమె గొట్టం ముట్టుకోలేదు. వెనక్కి తిరిగి, చేతులు అతని మొహం దగ్గరికి చాపింది.

"ఇంకా బానే ఉంది కదా నాన్నా? ఇంకొంచెం సేపు రానిద్దాం."

ఆర్విల్ వంగి కూతురి అరచేతుల వాసన చూశాడు. రొట్టె వాసన వెనకాల, సన్నగా, గోనెసంచి. కన్నీళ్ళు ఆ చేతుల్లో పడ్డాయి. తుడుచుకోలేదు.

"లేదమ్మా. అయిపోయింది," అన్నాడు, చెయ్యి చాపి గొట్టం తిప్పేశాడు.